నల్లకుంట మేడ మీద ఆల్బర్ట్ మాల్ట్జ్ రచనల గది: మూడు శనివారాలు చదివిన తర్వాత

నల్లకుంటలో ఒక పాత ఇంటి మేడ మీద రెండు ఇనుప బీరువాలు, కిటికీ పక్కన ఒక టేకు బల్ల, నాలుగు కుర్చీలు ఉన్న గది ఒకటి ఉంది. ఇంగ్లీషు సాహిత్యం బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఆచార్యుడు అమెరికన్ నాటకకర్త, సినీ రచయిత ఆల్బర్ట్ మాల్ట్జ్ రచనలను దాదాపు ముప్పై ఏళ్ల పాటు ఒక్కొక్కటిగా సేకరించి ఆ బీరువాల్లో భద్రపరిచారు. ఆయన పోయిన తర్వాత ఆయన భార్య ఆ గదికి తాళం వేయలేదు. శని, ఆదివారాల్లో ఉదయం పది నుంచి ఒంటి గంట దాకా, ముందుగా ఫోన్ చేసి వచ్చేవారి కోసం తెరిచి ఉంచుతున్నారు. రుసుము లేదు. ఆ ఇంటివారు తమ పేరు, చిరునామా బయట రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు. నగరంలోని నాటక సమాజాలలో ఎవరిని అడిగినా దారి చెబుతారు.

మా సమాజానికి ఒక ఏకాంకిక కావలసి వచ్చి నేను అక్కడికి వెళ్లాను. వరుసగా మూడు శనివారాలు కూర్చుని చదివాను. అలాంటి చోటికి వెళ్లదలచిన వారికి అక్కడ ఏమి దొరుకుతుందో, ఏది బాగుందో, ఏది వెంటనే సరిదిద్దకపోతే చేజారిపోతుందో చెప్పడానికే ఈ పరిశీలన.

మాల్ట్జ్ పేరు మన పాఠకులలో చాలామందికి కొత్తదే కావచ్చు. ఆయన 1908లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, యేల్‌లో నాటక విద్య అభ్యసించి, 1930లలో నాటకకర్త జార్జ్ స్క్లార్‌తో కలిసి, ఆ తర్వాత ఒంటరిగా, కార్మికుల జీవితం మీద నాటకాలు రాశారు. 1940లలో హాలీవుడ్‌లో పేరున్న రచయిత అయ్యారు. 1947 అక్టోబరు 28న వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకు చెందిన, అమెరికా వ్యతిరేక కార్యకలాపాలను విచారించే కమిటీ ముందు నిలబడి, తన కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం గురించి అడిగే హక్కు ఆ కమిటీకి లేదన్న వైఖరి తీసుకుని జవాబు చెప్పడానికి నిరాకరించారు. అలా నిరాకరించిన పదిమందినే హాలీవుడ్ టెన్ అంటారు. ఆ ఏడాది నవంబరు చివరి వారంలో స్టూడియో యజమానులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో సమావేశమై, ఈ పదిమందికి పని ఇవ్వకూడదని తీర్మానించారు. బ్లాక్‌లిస్ట్ అనే వ్యవస్థ అక్కడ మొదలైంది. మాల్ట్జ్ సభా ధిక్కారం నేరం కింద 1950లో జైలుకు వెళ్లారు, విడుదలయ్యాక మెక్సికోలో పదేళ్లకు పైగా ఉన్నారు, 1985లో మరణించారు. ఆయన అసలు కాగితాలలో ఒక భాగం అమెరికాలో మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉంది. నల్లకుంటలో ఉన్నవి ముద్రిత పుస్తకాలు, ఫొటోకాపీలు, సైక్లోస్టైల్ ప్రతులు, పత్రికల కత్తిరింపులు మాత్రమే. ఈ విషయం ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. మాల్ట్జ్ చేతిరాత చూడాలనుకునేవారికి ఇక్కడ ఏమీ దొరకదు.

అయినా ఈ గదికి ఎందుకు వెళ్లాలంటే, కాగితాలను పేర్చిన వరుస కోసం వెళ్లాలి. ఆచార్యుడు వాటిని రాసిన కాలాన్ని బట్టి కాక, ఒకదాని తర్వాత ఒకటి చదవవలసిన క్రమాన్ని బట్టి పేర్చారు. మొదటి బీరువా పై అరలో మొట్టమొదట ఉండేది 1935 నాటి 'బ్లాక్ పిట్' నాటకం. నేను ఏకాంకికలు అడిగితే అమ్మగారు ఆ పుస్తకమే తీసి బల్ల మీద పెట్టారు. "మా వారు ఎవరొచ్చినా ముందు ఇదే చేతిలో పెట్టేవారు బాబూ. ఇది చదివాక మిగతావి అడగమనేవారు" అన్నారు. కొంచెం విసుగ్గానే మొదలుపెట్టిన నేను మధ్యాహ్నం ఒంటి గంటకు ఆమె వచ్చి టైమ్ అయిందని చెప్పేదాకా తల ఎత్తలేదు.

వెస్ట్ వర్జీనియా బొగ్గు గనులలో నడిచే కథ అది. జో కొవార్స్కీ అనే గని కార్మికుడు సమ్మె కారణంగా జైలుకు వెళ్లి తిరిగి వస్తాడు. అతని పేరు కంపెనీల నల్ల జాబితాలోకి ఎక్కింది కాబట్టి ఏ గనిలోనూ పని దొరకదు. ఇంట్లో భార్య గర్భవతి. ఆ స్థితిలో గని అధికారి ఒక బేరం పెడతాడు: యూనియన్‌లో ఎవరు ఏమి మాట్లాడుకుంటున్నారో చెబితే పని ఉంటుంది, కాన్పుకు డాక్టరు వస్తాడు. జో మొదట చిన్న సంగతులే చెబుతానని తనను తాను నమ్మించుకుంటాడు. ఆ తర్వాత ఏమవుతుందో ఇక్కడ చెప్పను కానీ, ఇన్‌ఫార్మర్ అనే మాటకు మన పల్లెల్లో ఎంత బరువు ఉందో తెలిసిన తెలుగు పాఠకుడు ఈ నాటకాన్ని అమెరికన్ పాఠకుడు చదివినట్టు చదవలేడు. ద్రోహిని దుర్మార్గుడిగా చూపించడం ఏ రచయితకైనా తేలిక. మాల్ట్జ్ అతన్ని మనిషిగా ఉంచి, అతని ఒక్కొక్క అడుగునూ మనకు అర్థమయ్యేలా చేసి, చివరికి క్షమించకుండా వదిలిపెట్టారు. ఆ రోజుల్లో వామపక్ష విమర్శకులు కొందరు ఒక కంపెనీ మనిషిని నాటకానికి నాయకుణ్ని చేయడం తప్పని అభ్యంతరం చెప్పారు. వారి మాట నాకు సమ్మతం కాదు. సమ్మెను ధైర్యవంతుడి వైపు నుంచి చూపిన నాటకాలు చాలా ఉన్నాయి, లొంగిపోయినవాడి వైపు నుంచి ఇంత నిజాయితీగా చూపినవి తక్కువ.

ఆ నాటకం పక్కనే, అదే అరలో, రెండో వస్తువుగా 1947 విచారణల ముద్రిత నివేదిక నుంచి మాల్ట్జ్ సాక్ష్యం ఉన్న పుటల ఫొటోకాపీ ఉంది. పేర్చిన వరుస అన్నది దీని గురించే. నల్ల జాబితాకు ఎక్కినవాడు పని కోసం తోటివారి పేర్లు చెప్పే కథను 1935లో రాసిన మనిషి, పన్నెండేళ్ల తర్వాత స్వయంగా అదే చౌరస్తాలో నిలబడ్డాడు. జో తీసుకున్న దారిని ఆయన తీసుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన శిక్ష అనుభవించిన మిల్ పాయింట్ జైలు శిబిరం ఉన్నది కూడా వెస్ట్ వర్జీనియాలోనే, తన నాటకంలోని గనులు ఉన్న రాష్ట్రంలోనే. ఆయనతో పాటు అక్కడే ఉన్న దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్, హాలీవుడ్ టెన్‌లో ఒకరు, 1951లో మళ్లీ కమిటీ ముందుకు వెళ్లి పేర్లు చెప్పారు. ఈ సంగతులన్నీ పుస్తకాలలో విడివిడిగా దొరుకుతాయి. నాటకం ముగించి చేయి చాచగానే సాక్ష్యం తగిలేలా పెట్టడం మాత్రం ఒక మంచి ఉపాధ్యాయుడే చేయగల పని.

రెండో శనివారం సినిమా స్క్రిప్టుల అర చూశాను. సంఖ్యలో ఎక్కువ, చదవడానికి కష్టం, సేకరణలో అందరికంటే సినిమా రచయితలకు ఎక్కువగా పనికివచ్చే భాగం ఇదే. మాల్విన్ వాల్డ్‌తో కలిసి రాసిన 1948 నాటి 'ది నేకెడ్ సిటీ' స్క్రిప్టు పుస్తకరూపంలో 1979లో వచ్చింది. ఆ ముద్రిత ప్రతి ఉంది. న్యూయార్క్ వీధుల్లో, నిజమైన ఇళ్లలో తీసిన ఆ పోలీసు కథలో నగరాన్ని పాత్రగా మలచిన తీరును పుట పుటకూ గమనించవచ్చు. సంభాషణ తక్కువ, దారులు, మెట్లు, కిటికీలు ఎక్కువ. హైదరాబాద్ వీధుల్లో కథ నడపాలనుకునే మన కుర్ర రచయితలు దీన్ని ఒక పూట కూర్చుని చదవాలి. 1945 నాటి 'ప్రైడ్ ఆఫ్ ద మెరీన్స్' ప్రతి కూడా ఉంది. యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుడి కథ. దీనికి మాల్ట్జ్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దర్శకుడు డెల్మర్ డేవ్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే 1950లో వచ్చిన 'బ్రోకెన్ ఆరో'కు కూడా దర్శకుడు ఆయనే. అపాచీ ఆదివాసులను శత్రువులుగా కాక మాట మీద నిలబడే మనుషులుగా చూపిన ఆ చిత్రానికి స్క్రీన్‌ప్లే రచయితగా తెర మీద పడిన పేరు మైకేల్ బ్లాంక్‌ఫోర్ట్. రాసింది మాల్ట్జ్. బ్లాక్‌లిస్ట్‌లో ఉన్న మనిషి పేరు వేయరు కాబట్టి, మిత్రుడైన బ్లాంక్‌ఫోర్ట్ తన పేరు అరువిచ్చారు. ఆస్కార్ నామినేషన్, అమెరికా సినీ రచయితల సంఘం బహుమతి బ్లాంక్‌ఫోర్ట్ పేరు మీదే వచ్చాయి. రచయితల సంఘం ఆ తప్పును సరిదిద్ది మాల్ట్జ్ పేరును అధికారికంగా చేర్చింది 1990ల తొలినాళ్లలో, అప్పటికి ఇద్దరూ ఈ లోకంలో లేరు. నల్లకుంటలో ఉన్న ప్రతి ఫొటోకాపీకి ఫొటోకాపీ. అక్షరాల అంచులు ముక్కలైపోయి ఉన్నాయి. ముఖపత్రం మీద బ్లాంక్‌ఫోర్ట్ పేరు ఉంది. దాని కింద, ఆ పేరును కొట్టివేయకుండా, ఆచార్యుడు పెన్సిల్‌తో సన్నగా మాల్ట్జ్ పేరు రాసి, ఒక చిన్న బాణం గుర్తు గీశారు. ఆ బాణం బ్లాంక్‌ఫోర్ట్ పేరు నుంచి మొదలై మాల్ట్జ్ పేరు దగ్గర ఆగుతుంది. పేరు అరువిచ్చిన స్నేహితుణ్ని చెరిపివేయకుండా, రాసిన మనిషిని తిరిగి నిలబెట్టిన ఆ గీతను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత కాలానికి చెందిన ప్రతులు కొద్దిగానే ఉన్నాయి, ఆ లోటుకు కారణం సేకర్త కాదు. 1953లో వచ్చిన 'ద రోబ్' స్క్రిప్టుకు 1940లలో మాల్ట్జ్ పని చేసినా, సినిమాలో ఆయన పేరు లేదు. ఆ పేరు కూడా 1990లలోనే చేరింది. 1960లో ఫ్రాంక్ సినాట్రా ఒక చిత్రానికి ఆయనను రచయితగా ప్రకటించి, ఒత్తిడి రాగానే వెనక్కి తగ్గారు. తెర మీద ఆయన సొంత పేరు మళ్లీ కనిపించింది 1970లో, 'టూ మ్యూల్స్ ఫర్ సిస్టర్ సారా' చిత్రంలో. 1948 నుంచి 1970 దాకా, ఇరవై రెండేళ్లు. ఆ అరలో ఈ రెండు సంవత్సరాల మధ్య దాదాపు జానెడు ఖాళీ వదిలేసి ఉంది. అది అనుకోకుండా మిగిలిన చోటు అనుకుని వేరే పుస్తకాలు అటు జరపబోతే అమ్మగారు వారించారు. ఆ ఖాళీని అలాగే ఉంచమని ఆయన చెప్పారట.

ఇప్పుడు లోపాల విషయం.

మొదటిది, చాలా తీవ్రమైనది. స్క్రిప్టుల ఫొటోకాపీలలో సగానికి పైగా పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఉన్నాయి. దుమ్ము పడకూడదన్న ప్రేమతో చేసిన పని అది. కానీ మన ఎండలకు ఆ కవర్లు మెత్తబడి, జిరాక్స్ సిరాను పీల్చేసుకున్నాయి. 'ప్రైడ్ ఆఫ్ ద మెరీన్స్' ప్రతిలో నేను ఒక పుటను కవరు నుంచి బయటికి లాగినప్పుడు చర్రుమని చప్పుడైంది. కాగితం తెల్లగా వచ్చింది, మాటలు కవరు మీద ఉండిపోయాయి. కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక వైపు నుంచి అక్షరాలు తిరగబడి, రెండో వైపు నుంచి సరిగ్గా కనిపించాయి. ఆ పుటను అలాగే చదివి, వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి, మళ్లీ లోపల పెట్టాను. ఇంకే కవరూ తెరవలేదు. అక్కడికి వెళ్లేవారందరికీ నా విన్నపం ఒక్కటే: కవరులో ఉన్న కాగితాన్ని లాగకండి, కవరు మీదుగానే చదవండి, ఫొటో తీసుకోండి. ఆ ఇంటివారికి కూడా ఈ సంగతి చెప్పాను. ఇంకొక రెండు వేసవులు ఇలాగే గడిస్తే కొన్ని ప్రతులు చదవడానికి వీలు లేకుండా పోతాయి.

రెండో లోపం జాబితా. నీలం అట్ట రిజిస్టరు ఒకటి ఉంది. అందులో వస్తువులను చేరిన తేదీల ప్రకారం రాశారు, బీరువాల్లో మాత్రం అవి చదవవలసిన వరుసలో ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే సంఖ్య ఏదీ లేదు. కాబట్టి రిజిస్టరులో చూసిన వస్తువు ఏ అరలో ఉందో తెలియాలంటే అమ్మగారినే అడగాలి. ఆమెకు ప్రతిదీ ఎక్కడుందో తెలుసు. ఆమె లేని రోజున ఆ గది ఎవరికీ ఉపయోగపడదు, అదే నా ఆందోళన. రిజిస్టరులో ఇంకొక చిక్కు కూడా ఉంది. 'బ్రోకెన్ ఆరో' అందులో బ్లాంక్‌ఫోర్ట్ పేరు కింద నమోదై ఉంది, పెన్సిల్ బాణం గీసిన మనిషే రిజిస్టరులో మార్చడం మరిచిపోయారు. పేరు చూసి వెతికేవారికి మాల్ట్జ్ రాసిన అతి ముఖ్యమైన స్క్రిప్టులలో ఒకటి దొరకదు.

మూడోది ఆ గదిది కాదు, వీధి చివరి జిరాక్స్ షాపుది. పుస్తకాలు బయటికి ఇవ్వరు. కానీ ఆ ఇంటి కుర్రాడు వెంట వచ్చి, షాపులో దగ్గర నిలబడి కాపీ తీయిస్తాడు. మేము 'ప్రైవేట్ హిక్స్' ఏకాంకికను అలా కాపీ చేయించాం. రిహార్సల్ గదిలో గట్టిగా చదువుతుంటే మధ్యలో సంభాషణ అతకలేదు. రెండు పుటలు ఒకేసారి తిరిగి, ఒక జత పోయింది. తప్పు మాదే, లెక్క చూసుకోకుండా డబ్బు ఇచ్చేశాం. అక్కడికక్కడే పుటల సంఖ్యలు సరిచూసుకోండి.

ఆ ఏకాంకిక గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మేము వెళ్లింది దాని కోసమే. సమ్మె చేస్తున్న కార్మికుల మీద కాల్పులు జరపమని ఆజ్ఞ వస్తే, ఒక సాధారణ సైనికుడు తుపాకీ ఎత్తడానికి నిరాకరిస్తాడు. అతన్ని ఫ్యాక్టరీలో ఒక గదిలో నిర్బంధిస్తారు. అంతే కథ. ఒకే చోటు, కొద్దిమంది పాత్రలు, గంటలోపు ప్రదర్శన. అతను సిద్ధాంతం తెలిసినవాడు కాదు, మాటకారి కాదు. ఎందుకు కాల్చలేదని అడిగితే సరైన జవాబు కూడా చెప్పలేడు. ఆ తడబాటులోనే నాటకం బలం ఉంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ తడబాటును చక్కని ఉపన్యాసంగా మార్చాలన్న ఆశ అనువాదకుడికి కలుగుతుంది, మాకూ కలిగింది. ఇద్దరు నటులు చదివి చూపించిన తర్వాత ఆ ఉపన్యాసాన్ని పూర్తిగా తీసివేశాం. 'బ్లాక్ పిట్'ను మాత్రం మా శక్తి చాలక వదిలేశాం. దాన్ని ఇంగ్లీషు నుంచి పుస్తక భాషలోకి తెస్తే చచ్చిపోతుంది. కొత్తగూడెం, ఇల్లందు, మందమర్రి కార్మికుల మాటలోకి తేవాలి. గనిని బాయి అనే మనుషులు, బాయి దిగడం, షిఫ్టు ఎక్కడం తెలిసిన మనుషులు దాన్ని తెలుగులో మాట్లాడించాలి. సింగరేణి ప్రాంతపు రచయిత ఎవరైనా ఈ గదికి వెళ్లి ఆ నాటకం చదవాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

అయితే చదవడం వేరు, ఆడడం వేరు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. మాల్ట్జ్ 1985లో మరణించారు కాబట్టి ఆ లెక్కన 2045 ముగిసేదాకా అనుమతి లేకుండా ఆయన నాటకాన్ని అనువదించి ప్రచురించకూడదు, ప్రదర్శించకూడదు. మేము అనుమతి కోసం రాశాము, జవాబు వచ్చేదాకా రిహార్సల్ గది దాటి బయటికి తీసుకురాము. పని లేకుండా చేసి, పేరు తీసేసి అన్యాయం చేసిన రచయిత విషయంలో మనం ఇంకొక చిన్న అన్యాయం చేయకూడదు.

మూడో శనివారం నేను ఊహించనిది ఒకటి దొరికింది. రెండో బీరువాలో కింది అరలో 1946 నాటి ఒక వివాదానికి చెందిన కాగితాలు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో మాల్ట్జ్ 'న్యూ మాసెస్' అనే వామపక్ష పత్రికలో ఒక వ్యాసం రాసి, కళను ఆయుధంగా మాత్రమే చూసే పద్ధతి రచయితలను ఇరుకులో పెడుతోందని, రచనను దాని రచయిత ఏ కమిటీలో ఉన్నాడన్న దాన్ని బట్టి కాక రచనగానే తూచాలని వాదించారు. సొంత పార్టీ రచయితలు, నాయకులు ఆయన మీద విరుచుకుపడ్డారు. రెండు నెలలు తిరగకుండా, ఏప్రిల్‌లో, అదే పత్రికలో ఆయన తన మాటను తానే ఖండించుకున్నారు. ప్రభుత్వ కమిటీకి తల వంచని మనిషి, ఏడాదిన్నర ముందు తన వాళ్ల ముందు తల వంచారు. మాల్ట్జ్‌ను ప్రేమించే సేకర్త ఈ రెండో వ్యాసాన్ని దాచిపెట్టి ఉండవచ్చు. ఆయన రెండింటినీ ఒకే పెట్టెలో, ఒకదాని మీద ఒకటి పెట్టారు. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం నుంచి ఈ రోజుదాకా మన సాహిత్యంలో కూడా ఇదే చర్చ ఎన్నోసార్లు జరిగింది కాబట్టి, ఈ పెట్టె మన విమర్శకులకు నాటకాల కంటే ఎక్కువ పనికిరావచ్చు. ఇందులో నా అభిప్రాయం స్పష్టం: మొదటి వ్యాసమే సరైనది, రెండోది చదువుతున్నప్పుడు నాకు బాధ కలిగింది.

మన దగ్గరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి ఎదురు నిలిచి ప్రాణాలు కోల్పోయిన బందగీ కథను తీసుకుని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో 'మా భూమి' నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి, 1948లో ప్రభుత్వం నిషేధించింది. మాల్ట్జ్ విచారణకు, ఈ నిషేధానికి మధ్య కాలం ఎంతో లేదు. ఆచార్యుడికి ఈ సంగతి తెలుసు. కిటికీ కింది చిన్న అరలో మాల్ట్జ్ కాగితాల పక్కన 'మా భూమి' పుస్తకం ఒకటి ఉంది, తర్వాతి కాలపు ముద్రణ. ఊరూరా ప్రదర్శించే నాటకంలో దళం దళానికీ, ఊరు ఊరికీ సంభాషణలు మారి ఉంటాయి. ఆనాటి నటుల దగ్గర చేతిరాతలో ఉండిపోయిన ప్రతి ఒకటైనా చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ ముద్రిత పుస్తకం దగ్గర ఎంతసేపు నిలబడినా ఆ కోరిక తీరలేదు. మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో అలాంటి రాతప్రతులు, నటుల నోటు పుస్తకాలు ఏవైనా ఉంటే దయచేసి తూకానికి వేయకండి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. ఒకసారి వెళ్లి అడగండి.

వెళ్లదలచినవారికి కొన్ని వివరాలు. కనీసం రెండు రోజుల ముందు ఫోన్ చేయాలి. ఏ నాటకం, ఏ సినిమా చదవాలనుకుంటున్నారో అప్పుడే చెబితే అమ్మగారు తీసి ఉంచుతారు. నలుగురికి మించి కూర్చోలేరు. ఒకే ట్యూబులైటు, అది కూడా బల్లకు వెనక వైపు ఉంది, కాబట్టి ఉదయం పూటే వెళ్లండి. పదకొండు దాకా కిటికీ వెలుతురు బాగుంటుంది. పెన్ను వాడనివ్వరు, పెన్సిల్ తీసుకువెళ్లండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవారు జాగ్రత్త. మంచినీళ్లు, పదకొండింటికి టీ ఇస్తారు. టీ మాత్రం కింద వరండాలోనే తాగాలి, కాగితాల దగ్గరికి కప్పు రానివ్వరు. ఇది సరైన నియమం.

ప్లాస్టిక్ కవర్ల గురించి నేను చెప్పినప్పుడు అమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా వారు అబిడ్స్ నుంచి ఆ కవర్లు డజన్ల లెక్కన మోసుకొచ్చారు బాబూ, అవే కాగితాలను పాడు చేస్తున్నాయంటే నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారు. నేను వెలుతురుకు ఎత్తిన కవరును ఆమెకు చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకుని, తిరగబడిన అక్షరాలను వేలితో తడిమి చూసి, తల ఊపారు. వచ్చే శనివారం మా సమాజం నుంచి నలుగురం వెళ్తున్నాం. ప్రతి కవరునూ తెరవకుండా పైనుంచే ఫొటో తీసి, ప్రతి పుటకూ సంఖ్య వేసి, రిజిస్టరుకూ అరకూ ఒకే వరుస సంఖ్య ఇవ్వడం మొదలుపెడతాం. 'బ్రోకెన్ ఆరో' నమోదును మాల్ట్జ్ పేరు కిందికి మార్చడానికి ఆమె ఒప్పుకున్నారు, బ్లాంక్‌ఫోర్ట్ పేరును మాత్రం కొట్టివేయవద్దన్నారు. రెండు పేర్ల మధ్య బాణం గీయమన్నారు.